ఇంట్లో దిగేనాడే... ఖాళీ చేసే మాట!

"అక్కా! ఇల్లు ఖాళీ చేస్తమంటే ఇంటామె అడ్వాన్సు ఇయ్యనంటున్నది. పైంగ ఇంకా ఆరు నెలల కిరాయి మేమే కట్టాల్నట!"

కిందటేడు అక్టోబరు మొదట్లో మా చెల్లెలు ఫోనులో ఏడుపు గొంతుతో అన్న మాటలివి.

మా రేగొండలో పిల్లలు పదో తరగతి దాటారంటే చాలు, తల్లుల చూపు హనుమకొండ వైపు మళ్ళుతుంది. కొందరు హాస్టల్లో చేర్పిస్తారు. కొందరు పిల్లవాడికి ఇంటి తిండి ఉండాలని గిన్నెలూ గ్యాసుబండా సర్దుకుని తామే వెళ్తారు. మా రేగొండలోనే ఇచ్చిన మా చెల్లెలు ఈ రెండో రకం. భర్తనూ చేనునూ ఇక్కడ వదిలి, కొడుకు ఇంటర్ కోసం జూన్‌లో హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్‌లో దిగింది. కిరాయి నెలకు 9 వేలు. అడ్వాన్సు 18 వేలు. అది ఆమె చిట్టీ ఎత్తి దాచుకున్న డబ్బు.

సెప్టెంబరు ఆఖరులో వాళ్ళ మామగారికి పక్షవాతం వచ్చింది. అత్తగారు లేరు. చేలో పత్తి ఏరే కాలం. పిల్లవాణ్ణి హాస్టల్లో వేసి ఇంటికి రాక తప్పలేదు.

అప్పుడు తీశాం కిరాయి కాయిదం. 11 నెలలు నిండకుండా ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె అంతా కట్టాలనీ, అడ్వాన్సు తిరిగి రాదనీ అందులో ఉంది. ఆరు నెలలకు 54 వేలు!

"చదవకుండా సంతకం ఎట్ల పెట్టిన్రే?" అన్నాను.

"పెట్టింది మా ఆయన. నేను సామాను దించుకునే తండ్లాటల ఉన్న" అంది.

ఆలోచించండి. ఆ ఇంట్లో ఉండేది ఆమె, పాలవాడికీ కరెంటుకీ లెక్క చూసేది ఆమె. కాయిదం మాత్రం ఆమె చూడలేదు.

తెలిసిన ప్లీడరుగారిని అడిగాం. ఆయన రెండు వైపులా చెప్పారు. రాతపూర్వక ఒప్పందం లేకుండా నెలనెలా కిరాయికి ఉండే ఇల్లయితే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. గడువు రాసుకున్నాక మాత్రం ఆ రాతకే విలువ. మధ్యలో వెళ్ళే వీలు అందులో లేకపోతే వెళ్ళే హక్కు దానంతటది రాదు. అయితే జరిమానా ఎంత రాసుకున్నా అంతా వసూలు చేయడం కుదరదు. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తానికి మించకుండా, న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. ఇల్లుగలామె వేరే కిరాయిదారును చూసుకునే వీలుండి కూడా ఖాళీగా ఉంచితే, ఆ నష్టమంతా మీ మీద వేయడం కష్టమన్నారు.

కోర్టుకు వెళ్ళే ఓపిక ఎవరికుంది? ఇద్దరం ఇంటామె దగ్గరికే వెళ్ళాం. కోపంగా వెళ్ళిన మాకు ఆమె మాట విన్నాక నోరు రాలేదు.

"మా ఆయన పోయిండు బిడ్డా. ఈ కిరాయితోనే బ్యాంకు కిస్తు కడుతున్న. కాలేజీలు తెరిచినప్పుడే గదా కిరాయికొచ్చేది! నడుమల ఎవరొస్తరు?"

ఆమెదీ నిజమే కదా! గొడవ మానేసి, మేమే మనిషిని వెతుకుతామన్నాం. అక్టోబరు ఒకటిననే నోటీసు రాసిచ్చి, ఒక నకలు మీద ఆమె సంతకం తీసుకున్నాం. ఆ నెల కిరాయి కట్టి, నెలాఖరున చెల్లెలు తాళాలు అప్పగించింది. తెలిసినవాళ్ళందరికీ చెప్పగా, కూతురి చదువు కోసం చూస్తున్న పరకాల కుటుంబం ఒకటి నవంబరు మధ్యలో దిగింది. ఖాళీగా ఉన్న పదిహేను రోజులకు 4,500, సున్నానికి 3 వేలు పట్టుకుని 10,500 తిరిగిచ్చింది ఇంటామె. నష్టమే. కానీ 54 వేల బుగులు తీరింది.

ఇల్లు చూసేటప్పుడు మనం నల్లా చూస్తాం, వంటింటి గట్టు చూస్తాం, తూర్పు వాకిలి చూస్తాం. ఇవి కూడా చూద్దాం:

* మధ్యలో ఖాళీ చేస్తే ఎన్ని నెలల నోటీసు? ఒకటా, రెండా? అది ఇద్దరికీ సమానంగా రాయించండి.

* ఇన్ని నెలల దాకా కదలరాదని 'లాకిన్' షరతు ఉందా? బదిలీ, జబ్బు వంటివి వస్తే మినహాయింపు అడగండి.

* అడ్వాన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారు, సున్నానికి ఎంత పట్టుకుంటారు? అంకెలతో రాయించండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అది నమూనాయే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. అయినా బేరమాడటానికి పనికొస్తుంది.

* దిగిన రోజే గోడలు, నల్లాలు, తలుపులు ఫొటో తీసి పెట్టుకోండి. అద్దె, అడ్వాన్సు బ్యాంకు ద్వారానే కట్టండి.

* ఖాళీ చేసేటప్పుడు తాళాలు ఇచ్చినట్టు, కరెంటు బిల్లు కట్టినట్టు రాయించుకోండి.

మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు చెల్లెలు అంది, "వచ్చే ఏడు చిన్నోనికి మళ్ళ ఇల్లు చూడాలె అక్కా. ఈసారి సామాను ఆయన దించుతడు, కాయిదం నేను చదువుత!"