దూరపు కొంగలు నునుపు

దూరపు కొండలు నునుపు అన్నారు మన పెద్దలు. వాళ్ళ చేతిలో కెమేరా లేదు గనక కొండలతో సరిపెట్టుకున్నారు; ఉంటే కొంగల్ని కూడా చేర్చి ఉండేవారే. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద నిలబడి, అవతలి ఒడ్డున వాలిన కొంగను నాలుగువందల మిల్లీమీటర్ల లెన్సుతో ఫోటో తీసి చూడండి. ఈకలన్నీ కలిసిపోయి, కొత్తగా సున్నం కొట్టిన గోడలా నున్నగా కనిపిస్తుంది. అప్పుడు ఎంతటివాడికైనా తోచే మొదటి మాట ఒకటే: 'ఇంతకంటే మంచి లెన్సు కొనాలి!'

ఆ మాట నాకు తోచి రెండేళ్ళయింది. కొనాలా వద్దా అన్నది ఈ మధ్యనే తేలింది. ఎలా తేలిందో చెబితే, నాలాగే అంగడి కిటికీల్లో లెన్సులు చూసి నిట్టూర్చే వాళ్ళకు పనికివస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. ఇబ్రహీంపట్నం అనగానే కొందరు బెజవాడ పక్కన కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు అనుకుంటారు. జగిత్యాల జిల్లాలోనూ ఒకటుంది. నేను చెప్పేది రంగారెడ్డి జిల్లాది, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీది ఊరు. గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీద వెలిసిందని చెబుతారు. మన కవులు 'మల్కిభరాము'డని పిలుచుకున్న ప్రభువు ఆయనే. ఇక చెరువు మాటంటారా, అది కొన్నేళ్ళు పశువులు మేసే బీడు, కొన్నేళ్ళు చిన్న సముద్రం. దశాబ్దాల తర్వాత 2022 వానకాలంలో అలుగు పారినప్పుడు జనం జాతరకు వచ్చినట్టు వచ్చి చూశారు.

నీళ్ళు వస్తే పిట్టలు వస్తాయి. నత్తగుల్ల కొంగలు, బొల్లికోళ్ళు, నీటిమీద నిలబడి రెక్కలాడించే నలుపు తెలుపు లకుముకి పిట్టలు, ఏదో ఒకటి కంటబడుతూనే ఉంటుంది. చలికాలంలో మన తెలంగాణ చెరువులకు హిమాలయాలు దాటి వచ్చే అతిథులున్నాయి. వాటిలో ఒక పెద్దబాతు ఉంది. తల వెనుక రెండు నల్లటి పట్టీలుంటాయి. పుస్తకాల్లో దాన్ని బార్ హెడెడ్ గూస్ అంటారు. ఆ రెండు పట్టీలూ ఫోటోలో విడివిడిగా కనిపించాలన్నదే నా కోరిక. చిన్నదే, కాని ఖరీదైనది.

సాగర్ రోడ్డు మీద నాకొక ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్టు ఫోటోలూ అన్నం పెడతాయి. పిట్టలు పైసా ఇవ్వవు. అయినా ఆదివారం తెల్లవారేసరికి కాళ్ళు చెరువు వైపే లాగుతాయి. నా దగ్గరున్నది కానన్ కంపెనీ 1998లో విడుదల చేసిన 100-400 జూమ్ లెన్సు. ఒకరు వాడినదాన్ని కొన్నాను. దూరం మార్చాలంటే దీన్ని తిప్పనక్కరలేదు, కొలిమి తిత్తిలా ముందుకూ వెనక్కూ లాగాలి. లాగినప్పుడల్లా గాలితోపాటు దుమ్మునూ లోపలికి పీలుస్తుందని ఫోటోగ్రాఫర్లు దీనికి 'దుమ్ము పంపు' అని పేరు పెట్టారు. నిజం చెప్పాలంటే దీనితో నాకు పెద్ద పేచీ ఏమీ లేదు.

పేచీ పెట్టింది దీని తమ్ముడు. అదే కంపెనీ 2014 చివర్లో ఈ లెన్సుకే రెండవ రూపం ప్రకటించింది. పాతదానిలో 17 గాజు కటకాలుంటే కొత్తదానిలో 21. చెయ్యి వణుకును సర్దే యంత్రం పాతదానిలో రెండు మెట్లు సాయం చేస్తే, కొత్తదానిలో నాలుగు మెట్లు చేస్తుంది. పాతది 1.8 మీటర్ల కంటే దగ్గరి వస్తువును పట్టుకోలేదు. కొత్తది మీటరు లోపు వస్తువును కూడా పట్టుకుంటుంది. లాగే పని పోయి తిప్పే పని వచ్చింది. ఇన్ని సుగుణాలున్నది ఊరకే వస్తుందా? ధర లక్ష దాటింది.

ఇంతలో ఇంకొక చిక్కు. 2018లో ఆ కంపెనీయే లోపల అద్దం లేని కెమేరాల కోసం కొత్తరకం బిగింపు తెచ్చింది. మధ్యలో ఒక వలయం బిగిస్తే పాత లెన్సులు కొత్త కెమేరాకు పనిచేస్తాయి. కొత్త లెన్సులు మాత్రం పాత కెమేరాకు ఎక్కవు. అంటే సరికొత్త లెన్సు కావాలంటే కెమేరానూ మార్చాలి. ఎద్దు కోసం పోయి బండీ, బండి కోసం పోయి కొట్టమూ కొన్నట్టు!

మా అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. మా ఊరి చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలకు కొదవలేదు, వాటి ఫీజులకూ కొదవలేదు. పెళ్ళి మంటపంలో మసక వెలుతురు గనక ఈ పొడుగు లెన్సులకు అక్కడ పని లేదు. కాబట్టి పెట్టిన డబ్బు తిరిగి సంపాదించి పెడుతుందని ఇంట్లో బుకాయించే వీలు కూడా లేదు. ఒక రాత్రి సంగతి కదిపాను. మా ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. బియ్యం ఏరుతూ ఒక్క మాట అడిగింది:

"గా కొత్తదానితోని కనబడే పిట్ట ఏది, ఇప్పుడు కనబడనిది?"

ఈ ప్రశ్నకు ఏ లెన్సుల ప్రకటనలోనూ జవాబు దొరకలేదు. కాగితం, పెన్సిలు తీసుకుని నేనే కూర్చున్నాను.

లెక్క చాలా తేలిక. లెన్సు మిల్లీమీటర్లను పిట్ట పొడుగుతో గుణించి, దూరంతో భాగిస్తే, కెమేరాలో పడే బొమ్మ కొలత వస్తుంది. ఆ పెద్దబాతు ముక్కు నుంచి తోక దాకా సుమారు 75 సెంటీమీటర్లు. అది రెండువందల మీటర్ల దూరాన ఉంటే, 400 లెన్సు వేసే బొమ్మ ఒకటిన్నర మిల్లీమీటర్లు. నా కెమేరాలో ఫిల్ముకు బదులుండే సెన్సరు వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. ఒక పెద్ద దుప్పటి మీద చిన్న చింతగింజ అన్నమాట. పోనీ 600 లెన్సు తెస్తే? బొమ్మ రెండుంపావు మిల్లీమీటర్లవుతుంది. చింతగింజ కాస్తా పెద్ద చింతగింజ అవుతుంది, అంతే. అదే బాతు యాభై మీటర్లకు వస్తే, నా పాత లెన్సే ఆరు మిల్లీమీటర్ల బొమ్మ వేస్తుంది. రెండువందల మీటర్ల నుంచి అంత బొమ్మ కావాలంటే 1600 మిల్లీమీటర్ల లెన్సు ఉండాలి. దాన్ని మోయడానికి మనిషిని కూడా పెట్టుకోవాలి.

మరి ఆ కొత్త లెన్సో? అది కూడా నాలుగువందలే! పిట్టను ఒక్క అడుగు కూడా దగ్గరికి తేదు. ఉన్న బొమ్మను కాస్త తేటగా వేస్తుంది. ఇంత చిన్న సంగతి ధర చీటీ వెలుగులో ఎవరి కంటికీ ఆనదు.

అసలు దూరాన్ని దగ్గర చేసే ఈ విద్య పాతదే. 1891లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీథే, స్టైన్‌హైల్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా టెలిఫోటో లెన్సులు కల్పించారు. ముందు కటకం వెలుగును కూడదీస్తుంది, వెనుక కటకం దాన్ని కాస్త విప్పుతుంది; అందువల్ల గొట్టం పొట్టిగా ఉన్నా పొడుగు లెన్సు పని చేస్తుంది. మామూలు కెమేరాలకు జూమ్ లెన్సు 1959లో వచ్చింది. ఫోయిక్ట్‌లాండర్ కంపెనీ 'జూమార్' అది. ఇవేవీ లేని రోజుల్లోనే రాజా దీన్‌దయాళ్ (1844-1905) గాజు పలకల మీద ఫోటోలు తీసి పేరు సంపాదించాడు, సికిందరాబాదులో స్టూడియో నడిపాడు, ఆరవ నిజాం కొలువులో చేరాడు. ఆయనకున్న జూమ్ తన రెండు కాళ్ళే.

పిట్టల విషయంలో కాళ్ళతో పని జరగదని మీరనవచ్చు. మనం పది అడుగులు ముందుకు వేస్తే అవి వంద అడుగులు వెనక్కి పోతాయి. నిజమే. ఈ సంగతే చెరువులో వల వేసే ఒక పెద్దాయనతో అన్నాను. ఆయన వల దులుపుకుంటూ, "సారూ, పిట్టల దిక్కు నువ్వు పోకు. సప్పుడు చెయ్యకుండ ఒక్క తాన కూసో. అవే నీ దిక్కు వస్తయి" అన్నాడు.

చెరువు నీరు తగ్గుతున్నప్పుడు ఒడ్డున బురద తేలుతుంది. కొంగలకు అన్నం అక్కడే. తెల్లవారకముందే వెళ్ళి, తుమ్మ పొదల చాటున బూడిదరంగు దుప్పటి కప్పుకుని కదలకుండా కూర్చున్నాను. మొదటి గంట దోమలే వచ్చాయి. రెండో గంటలో ఒక నత్తగుల్ల కొంగ ముప్ఫయి మీటర్ల దాకా నడిచి వచ్చి, నత్తను ముక్కుతో పట్టి తీరిగ్గా ఒలుచుకు తిన్నది. పాత లెన్సులోనే దాని ముక్కు మధ్య సందు స్పష్టంగా పడింది.

ఇదొక పక్షం. రెండో పక్షం కూడా వినాలి కదా! హైదరాబాదులో లెన్సులు రోజు అద్దెకిచ్చే వాళ్ళున్నారు. రెండు రోజులకు ఆ రెండవ రూపం లెన్సును తెచ్చాను. ఒకే స్టాండు, ఒకే కెమేరా, ఒకే మొద్దు మీద వాలే లకుముకి పిట్ట. లెన్సులు మార్చి మార్చి తీశాను.

పది మీటర్లలో కొత్త లెన్సు గెలిచింది, అందులో సందేహం లేదు. రొమ్ము మీది ఈకల అంచులు దువ్వెనతో దువ్వినట్టు విడివిడిగా వచ్చాయి. తెల్లవారుజాము మసకలో, కదలకుండా కూర్చున్న పిట్టను చేత్తో పట్టుకు తీసినప్పుడు కూడా అదే గెలిచింది. ఎగిరే పిట్ట దగ్గర మాత్రం రెండూ సమానమే అనిపించాయి. చెయ్యి వణుకును సర్దే యంత్రం మన చేతినే సర్దుతుంది గాని పిట్ట రెక్కను ఆపదు. దానికి సెకనులో పదహారువందల వంతో, రెండువేల వంతో షట్టరు వేగం కావాలి; అంటే మంచి ఎండ కావాలి.

నూట యాభై మీటర్లు దాటాక చూస్తే ఆశ్చర్యం! ఎండ ఎక్కాక తీసిన ఫోటోల్లో ఏది పాతదో ఏది కొత్తదో పేర్లు చూడకుండా పోల్చుకోలేకపోయాను. ఎండకు నేల వేడెక్కుతుంది, వేడిగాలి పైకి లేస్తుంది, చల్లగాలితో కలిసి సుళ్ళు తిరుగుతుంది. వెలుగు ఆ సుళ్ళలో వంకరలు పోతూ వస్తుంది. ఎసరు మీద గాలి కదిలినట్టు బొమ్మ కదులుతుంది. ఎంత గొప్ప లెన్సైనా తన ముందున్న గాలిలోనుంచే చూడాలి. పొడుగు లెన్సు పిట్టతోపాటు ఆ వణుకునూ పెద్దది చేసి చూపిస్తుంది.

అందువల్ల నాకు తెలిసిందేమంటే, ఖరీదైన టెలిఫోటో తన ఖరీదును దూరంలో చూపించదు, దగ్గరలో చూపిస్తుంది. దూరపు పిట్టలకోసం దాన్ని కొనేవాడు, పక్కూరి చుట్టాన్ని చూడటానికి రైలింజను కొన్నవాడితో సమానం.

ఇక చివరి లెక్క. గత చలికాలం తీసి, పక్కన పెట్టేసిన ఫోటోలు నూరు ఏరి, అవి ఎందుకు పనికిరాలేదో నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి రాశాను. దూరమూ వేడిగాలీ చెడగొట్టినవి 61. పిట్ట కదలడం వల్లనో, వెలుగు చాలకనో పోయినవి 28. పిట్ట దగ్గరగా, నిలకడగా ఉండి, వెలుగు బాగుండి, అయినా లెన్సు వల్లనే తేటగా రానివి 11. ఆ పదకొండింటి కోసం లక్ష రూపాయలు! ఒక్కొక్కటి తొమ్మిదివేల పైచిలుకు పడుతుంది.

ఈ ఏడు కొనటం లేదు. ఆ డబ్బు అమ్మాయి ఫీజు కింద బాంకులో ఉంది. పాత లెన్సును బాగుచేసే వాడిచేత దుమ్ము తీయించాను. తేమకు బూజు పట్టకుండా, గాలి చొరని డబ్బాలో సిలికా పొట్లాలతో పెట్టాను. మడిచే చిన్న ముక్కాలిపీట ఒకటి కొన్నాను. నోటుపుస్తకం మూయలేదు. దగ్గర కూర్చోవడం అలవాటైనకొద్దీ మొదటి గడి చిక్కి, మూడో గడి లావెక్కుతుంది. అది సగం దాటిన రోజున కొత్త లెన్సు కొంటాను. అప్పుడు మా ఆవిడ ప్రశ్నకు నా దగ్గర జవాబుంటుంది.

ఇది లెన్సులకు వ్యతిరేకంగా చేసిన వాదమని అనుకోవద్దు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు, ఫలానా పిట్ట ఫలానా చోట ఉందని రూఢి చేయాలంటే దాన్ని కాల్చి చర్మం భద్రపరచవలసి వచ్చేది. ఆ తుపాకీ చేసిన పనిని ఇవాళ లెన్సు చేస్తోంది, పిట్ట ప్రాణం పోకుండానే. అటువంటి పనిముట్టు మీద మోజు తప్పు కాదు. కాని కొనబోయే ముందు మీ పాత ఫోటోలు నూరు ఏరి, మూడు గళ్ళు గీయండి. ఏ గడి నిండుతుందో అక్కడే మీ డబ్బు పెట్టండి. మొదటి గడి నిండితే మాత్రం దానికి మందు అంగడిలో దొరకదు. చెరువు గట్టున, తుమ్మ పొద చాటున, తెల్లవారుజామున దొరుకుతుంది. దోమలకు మాత్రం ఏదైనా పూసుకుని వెళ్ళండి.