పోస్టరు మూలన ఆ చిన్న అక్షరం!

హీరో ఎవరు, పాటలెన్ని, ఫైట్లెన్ని - ఇవన్నీ బొమ్మ విడుదల కాకముందే మనవాళ్ళకు కంఠతా వచ్చేస్తాయి. పోస్టరు మూలనుండే 'యు', 'యుఎ', 'ఎ' అక్షరాల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. గేటు దగ్గర ఆపినప్పుడుగానీ అదొకటుందని గుర్తుకురాదు!

2023 డిసెంబరులో 'సలార్' వచ్చినప్పుడు కుర్రకారుకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. ప్రభాస్ సినిమా, పైగా 'ఎ' సర్టిఫికెట్! అంటే 18 ఏళ్ళు నిండనివారికి ప్రవేశం లేదన్నమాట. మా హీరో సినిమా మేం చూడకూడదా అని అభిమానులు అడగరూ మరి? ఇంతకీ ఆ అక్షరం వేసేదెవరు?

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మొదట్లో 'యు', 'ఎ' రెండే ఉండేవి. 1983లో 'యుఎ', డాక్టర్లవంటి ప్రత్యేక వర్గాలకోసం 'ఎస్' వచ్చి చేరాయి. అదే ఏడాది సెన్సారు బోర్డు కాస్తా సర్టిఫికేషన్ బోర్డయింది. అయినా మన నోట 'సెన్సారు' పోలేదనుకోండి!

నిర్మాత దరఖాస్తు పెట్టుకుంటాడు. పరిశీలక కమిటీ సినిమా చూస్తుంది. ఏ అక్షరం ఇవ్వాలి, ఎక్కడ కత్తెర వేయాలి, ఎందుకు - ఎవరి అభిప్రాయం వారు రాసిస్తారు. నిర్మాతకు నచ్చకపోతే రివైజింగ్ కమిటీ ఉంది. ఆ పైన అప్పీలుకు ట్రిబ్యునల్ ఉండేది, 2021లో రద్దయింది. ఇప్పుడిక హైకోర్టే గతి.

'ఎ' పడితే పిల్లలున్న కుటుంబాలు రావు. తగ్గించి మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప టీవీలోనూ వేయకూడదు. అందుకే 'యుఎ' కోసం కత్తిరింపులకు తలొగ్గే నిర్మాతలున్నారు. అంటే ఆ అక్షరం ప్రేక్షకుణ్ణే కాదు, బొమ్మనూ మార్చేస్తుంది!

2023లో చట్టాన్ని సవరించి 'యుఎ'ను 7+, 13+, 16+ అని మూడు చేశారు. ఇది తల్లిదండ్రులకు సూచన మాత్రమే. దీన్ని చూపి థియేటరువారు పిల్లల్ని ఆపడానికి లేదు. 'ఎ' అలా కాదు. మైనర్లకు చూపించడం చట్టవిరుద్ధం!

మరి అమలు సంగతి? కొన్నిచోట్ల వయసుకు రుజువు అడుగుతారు. కొన్ని పాత హాళ్ళలో మీసమే సర్టిఫికెట్! పదహారేళ్ళ కుర్రాణ్ణి గేటులో ఆపేసి, వాడి పక్కనే నాన్న భుజం మీదున్న నాలుగేళ్ళ పాపను లోపలికి వదలడం నేను కళ్ళారా చూశాను. చట్టం ఇద్దరికీ ఒకటే కదా! నిజానికి తెరమీద తలలు తెగిపడుతుంటే జడుసుకునేది ఆ పాపే.

పాపకు పోస్టరు చదవడం రాదు. మీకొచ్చు. టిక్కెట్టు కొనేముందు ఆ మూలకొకసారి చూడండి. వెంట తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం రెండుసార్లు చూడండి!