చక్రాలపై రెండు పతకాలు.. ఆ తర్వాతి రెండు ఆసియా క్రీడల్లో చోటే లేదు

ఫిగర్ స్కేటింగ్‌ను మంచుపైనే కాదు, చక్రాలపైనా ఆడతారు. ఒక్కో బూటుకు ముందు రెండు, వెనుక రెండు చక్రాలుండే స్కేట్లతో గచ్చుపై సంగీతానికి అనుగుణంగా ఎగురుతూ, గిరగిరా తిరుగుతూ చేసే ఈ విన్యాసాలనే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అంటారు. విన్యాసాల కఠినత్వం, ప్రదర్శన తీరు ఆధారంగా న్యాయనిర్ణేతలు పాయింట్లు కేటాయిస్తారు.

2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రోలర్ క్రీడలకు తొలిసారి చోటు దక్కింది. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ అక్కడ పురుషుల సింగిల్స్‌లో కాంస్యం గెలిచారు. అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో మరో కాంస్యం సాధించారు. రోలర్ క్రీడల్లో భారత్‌కు ఆసియా క్రీడల తొలి పతకాలు ఇవే.

అయితే 2014 ఇంచియాన్ క్రీడల్లో రోలర్ క్రీడలను చేర్చలేదు. 2018 జకార్తాలో స్పీడ్ స్కేటింగ్, స్కేట్‌బోర్డింగ్‌లకే అవకాశమిచ్చారు. ఆర్టిస్టిక్ విభాగానికి ఒలింపిక్స్‌లోనూ స్థానం లేదు. దీంతో ఆ రెండు ఆసియా క్రీడల్లో అనూప్‌కు తన పతకాలను మెరుగుపరచుకునే అవకాశం దక్కలేదు. ఆయన కృషికి గుర్తింపుగా 2015 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం అర్జున పురస్కారం ప్రకటించింది. క్రీడాకారుల భవితవ్యాన్ని ప్రతిభతో పాటు పోటీల జాబితా కూడా నిర్ణయిస్తుందనడానికి ఆయన ప్రస్థానమే ఉదాహరణ.