పూర్వీకుని జాడ: జర్మను చర్చి దస్తరమూ, సూరతు సాలెవాడూ

సూరతులో ఆక్సెండెన్ సోదరుల సమాధులున్నవి. క్రిస్టఫర్ 1659లోను, జార్జి 1669లోను అక్కడ మరణించిన ఆంగ్లేయ కంపెనీవారు. వారి పేర్లను రాయీ గుమ్మటమూ కాపాడుతున్నవి. అదే నగరాన లింబాయత్ ప్రాంతంలో మరమగ్గం నడిపే తెలంగాణ పద్మశాలిని ముత్తాత పేరడిగితే తరచు తడబడతాడు. అతనిది దొరకని పేరా, వెదకని పేరా?

జర్మనీలో సామాన్యుని జాడ చర్చి దస్తరాలలో వెదకుతారు. జ్ఞానస్నానాలను, వివాహాలను పుస్తకానికెక్కించుమని 1563లో ట్రెంట్ మహాసభ కాథలిక్ గురువులను ఆదేశించింది. లూథరు మతస్థులలో ఆ వాడుక కొన్నిచోట్ల అంతకు ముందే కలదు. ముప్పదేండ్ల యుద్ధంలో (1618–48) ఎన్నో పుస్తకాలు నశించినవి. మిగిలినవాటిలోనూ తండ్రి పేరుండి తల్లి పేరు లేకపోవడం కద్దు. అట్టిచోట పరిశోధకుడు జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు పరిశీలిస్తాడు. వారు సాధారణంగా బంధువులో, ఇరుగుపొరుగువారో. శిశువుకు తరచు వారి పేరే పెట్టేవారు. కనబడని మనిషిని ఆ పక్కనున్న సాక్షి పట్టిస్తాడు.

మనకట్టి పుస్తకం లేదు. 1954–55 నాటి ఖాస్రా పహాణీ ఉన్నది గాని, సాగుభూమి లేనివానికి అందులో చోటేది? కూనపులివారు పటం చూపుతూ మార్కండేయ పురాణం చెబుతారు. భావనాఋషి సంతతి నూటొక్క గోత్రాలంటారు. గోత్రం వంశాన్ని తెలుపును గాని ముత్తాతను తెలుపదు. ఇంటిపేరు ఒక్కొక్కప్పుడు పాత ఊరిని సూచిస్తుంది. కుటుంబంలో ఎవరైనా గోదావరిలో అస్థికలు కలుప నాసిక్ వెళ్లి ఉంటే, అక్కడి తీర్థపురోహితుల వహీలు చూడవచ్చు. సూరతుకు నాసిక్ దూరం కాదు.

అయితే మనకూ ఒక సాక్షి ఉన్నాడు: మనుమడు. తాత పేరు మనుమనికి పెట్టడం మన ఆచారం గనుక, పేరు తరం విడిచి తరం మరల వస్తుంది. ఇది ఆధారమూ, ఉచ్చూ కూడ. ఒకే పేరుగల తాతామనుమలు జ్ఞాపకంలో ఒక్క మనిషిగా కలిసిపోతారు. కావున పేరొక్కటే అడిగి ఊరకుండరాదు. పిల్లనిచ్చిన ఊరు, మొదట నేసిన బట్ట, వలస వచ్చిన ఏడు అడగాలి. నా దృష్టిలో ఇందుకు అవ్వలే మేలైన దస్తరాలు. తమ ఇంటిపేరు మార్చుకొని వచ్చినవారు గనుక రెండు వంశాల సంగతులూ చెప్పగలరు. మధ్య మజిలీలు కూడ వారినే అడగాలి. షోలాపురంలోనో భివండిలోనో కొన్నేండ్లు నేసి సూరతు చేరినవాని కోసం సిరిసిల్లలో మాత్రమే వెదకితే ఆ ఏండ్ల సంగతి దొరకదు.