స్తంభం వెనక సుడి

సారపాక నుంచి భద్రాచలం రావాలంటే గోదావరి దాటాలి. అక్కడి పాత వంతెన 1965లో మొదలైంది. ఈసారి దాని మీద నడిచేటప్పుడు ఒక్కసారి కిందికి చూడండి. స్తంభానికి ఎగువన నీళ్ళు సాఫీగా వస్తుంటాయి. దిగువన మాత్రం సుడులు తిరుగుతుంటాయి. ఎందుకు?

ఇంట్లోనే చేసి చూడొచ్చు. వెడల్పాటి బేసినులో నీళ్ళు పోయండి. నీళ్ళు కదలకుండా నిలిచాక, పైన చిటికెడు తవుడు చల్లండి. వేలు నిలువుగా ముంచి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరపండి. తవుడును చూడండి. మొదట వేలి వెనక రెండు సుడులు జంటగా పుడతాయి. ఇంకా జరిపితే జంట విడిపోతుంది. ఎడమన ఒకటి, కుడిన ఒకటి, మళ్ళీ ఎడమన ఒకటి... ఇలా వరసగా వెనకబడిపోతాయి. వేలు తన మందానికి సుమారు 5 రెట్ల దూరం పోయేసరికి అటొకటి, ఇటొకటి విడిపోతాయి.

ఇక్కడ వేలు కదిలింది, నీళ్ళు నిలిచాయి. గోదావరిలో స్తంభం నిలిచింది, నీళ్ళు కదిలాయి. రెండింటికీ లెక్క ఒకటే.

నీళ్ళకు కూడా కొంచెం జిగట ఉంది. వేలికి ఆనుకున్న నీళ్ళు వేలిని అంటిపెట్టుకుంటాయి. దాని పక్క నీళ్ళను కూడా పట్టి లాగుతాయి. అలా ఊపు తగ్గిన నీళ్ళు వేలి వెనక దాకా చుట్టి రాలేవు. మధ్యలో ఆగి, వెనక్కి మళ్ళి, చుట్ట చుట్టుకుంటాయి. అదే సుడి.

మరి ఆముదంలో వేలు మెల్లగా జరిపితే? సుడి పుట్టదు. జిగట మరీ ఎక్కువైతే ఆముదం వేలి చుట్టూ మెల్లగా జారి, వెనక మళ్ళీ కలిసిపోతుంది. (ఆముదం ఖరీదు. చిన్న గిన్నెడు చాలు.) వేగం, మందం పెరిగితే సుడి బలపడుతుంది. జిగట పెరిగితే అణగుతుంది. 1977లో ఫ్రాన్సు పరిశోధకులు కూటాన్సో, బువార్ ఇలాంటి పనే చేశారు. జిగట ద్రవంలో గుండ్రటి కడ్డీని జరిపి, వెనకనున్న జంట సుడులు ఎంత పొడుగున్నాయో కొలిచారు.

మన స్తంభం వేలంత కాదు, గోదావరి బేసినంత కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మొదటి హెచ్చరిక ఇచ్చేదే 43 అడుగులకు! అంత వరదలో స్తంభాన్ని కొట్టిన నీళ్ళు కిందికి దూకి, సుడి తిరిగి, మొదట్లో ఉన్న ఇసుకను తోడేస్తాయి. అందుకే ఇంజనీర్లు పునాదిని ఇసుక కింద చాలా లోతుకు దించుతారు.

వరద తీశాక కూడా ఆ గుంట ఉండొచ్చు. పైనుంచి చూస్తే తెలియదు. స్తంభం వెనక నీళ్ళు మెల్లగా ఉన్నట్టు కనబడతాయి. మోకాటి లోతే కదా అని అడుగేస్తే నిలువెత్తు లోతు ఉండొచ్చు. స్నానానికి పిల్లల్ని తీసుకుపోతే స్తంభాల దగ్గర దించకండి, రేవులోనే దించండి.