పంటి పరిశోధనలో ప్రశ్న ఎవరిది?

పిప్పిపన్నును పదేళ్లలో దాదాపు లేకుండా చేయాలని 1971లో అమెరికా ప్రభుత్వం ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఏయే పరిశోధనలకు డబ్బిస్తుందో చెబుతూ అక్కడి జాతీయ దంత పరిశోధన సంస్థ దరఖాస్తులు పిలిచింది. ఆ పిలుపుకు ముందే పంచదార పరిశ్రమ ఆ సంస్థకు ఒక నివేదిక అందజేసింది. ఫలానా విషయాలపై పరిశోధన జరగాలని అందులో సూచించింది. ఆ నివేదికలోని 78 శాతం అంశాలు నేరుగా ప్రభుత్వ పిలుపులోకి చేరాయి.

ఈ సంగతి 2015లో ప్లాస్ మెడిసిన్ పత్రిక ద్వారా లోకానికి తెలిసింది. క్రిస్టిన్ కర్న్స్ అనే దంతవైద్యురాలు, ఆమె సహచరులు కలిసి 1959 నుంచి 1971 దాకా పరిశ్రమలో నడిచిన 319 అంతర్గత పత్రాలను చదివి బయటపెట్టారు. పంచదార పళ్లను పాడుచేస్తుందన్న రుజువులను కాదనలేమని పరిశ్రమకు తెలుసు. అందుకే తిండిలో పంచదార తగ్గించే దారి వదిలేసి, పంటి మీది పాచిని కరిగించే ఎంజైముల వైపు, పిప్పిపన్నుకు టీకా వైపు పరిశోధనను మళ్లించింది. పరిశ్రమకు నష్టం చేయగల పరిశోధనలు ప్రాధాన్యాల జాబితాలోనే లేకుండా పోయాయి.

ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఒకటుంది. ఈ పత్రాలు చెప్పేది ప్రయోగశాలలో అంకెలు తారుమారైన కథ కాదు. పరిశోధన చేసినవాళ్లు నిజాయితీగానే చేసి ఉండవచ్చు. వాళ్లు పని మొదలుపెట్టకముందే, ఏ ప్రశ్న అడగాలో తేల్చే బల్ల దగ్గరే, ఫలితం సగం తేలిపోయింది. తప్పు జవాబు వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పట్టుకుంటారు. అసలు అడగని ప్రశ్నను పట్టుకునేవాళ్లు ఉండరు.

2009లో ఇయాన్ చామర్స్, పాల్ గ్లాజియో అనే ఇద్దరు వైద్య పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక లెక్క వేశారు. వంద అధ్యయనాల్లో సుమారు సగం రూపకల్పనలోనే లోపాలతో మొదలవుతాయి. మిగిలిన 50లో సగం ఎక్కడా ప్రచురణ కావు. మిగిలిన 25లో సగం నివేదికలు వైద్యుడు వాడుకోగలిగేంత వివరంగా ఉండవు. చివరికి చేతికి దక్కేది పన్నెండో పదమూడో. పరిశోధన మీద పెట్టే పెట్టుబడిలో 85 శాతానికి పైగా వృథా అని తరచూ వినిపించే మాట ఇక్కడి నుంచి వచ్చిందే. రోగికి అక్కరలేని ప్రశ్న వేయడం వల్ల జరిగే నష్టాన్ని కూడా వాళ్లు అదే వ్యాసంలో మొదటి మెట్టుగా చూపించారు. కానీ ఈ గుణకారంలోకి దాన్ని తీసుకోలేదు. అంటే 85 శాతం వృథా అన్నది, ప్రశ్న సరైనదే అనుకున్నప్పటి లెక్క.

సరైన ప్రశ్న ఏదో తేల్చడానికి చాలామంది ముందుగా చూసేది జబ్బు ఎంతమందికి ఉందన్న అంకెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులతో ఉన్నవాళ్లు సుమారు 350 కోట్ల మంది. పెద్దపళ్లలో పిప్పి ఉన్నవాళ్లు 200 కోట్లు, పాలపళ్లలో పిప్పి ఉన్న పిల్లలు 51.4 కోట్లు, తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు 100 కోట్లు. నోటి క్యాన్సర్ కొత్త కేసులు ఏడాదికి 3.8 లక్షలు. తలలు లెక్కపెట్టి వరస వేస్తే పిప్పిపన్నుదే మొదటి స్థానం, క్యాన్సర్ ఎక్కడో అడుగున ఉంటుంది. ఒక క్యాన్సర్ కేసుకు అయిదు వేల పిప్పిపళ్ల నోళ్లున్నాయి మరి.

మరణాలు లెక్కపెడితే వరస తలకిందులవుతుంది. మన దేశానికి వస్తే ఇంకా మారుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా నోటి క్యాన్సర్ బయటపడినవాళ్లు దాదాపు 1.44 లక్షల మంది, దానితో చనిపోయినవాళ్లు సుమారు 80 వేల మంది. ప్రపంచం మొత్తం కేసుల్లో మూడో వంతుకు పైగా ఇక్కడివే. లండన్‌లోనో మిచిగన్‌లోనో కూర్చున్న కమిటీ నోటి క్యాన్సర్‌ను అయిదో అంశంగా రాసుకుంటే అది వాళ్ల లెక్కకు సరిపోవచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని అదే జాబితాను దించుకుంటే మాత్రం తప్పు చేసినట్టే.

రెండో కొలత, మనకు నిజంగా తెలియనిది ఎంత అన్నది. ఆరునెలలకోసారి డెంటిస్టుకు చూపించుకోవాలన్న సలహా వినని వాళ్లుండరు. అది ఎంతవరకు నిజమో చూసే పెద్ద పరీక్ష చాలా ఆలస్యంగా జరిగింది. బ్రిటన్‌లో 51 క్లినిక్‌లలో 2,372 మంది పెద్దవాళ్ల మీద నాలుగేళ్లపాటు నడిచిన ఇంటర్వల్ అనే ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలలకోసారి వచ్చినవాళ్లకూ, ఒక్కొక్కరి ముప్పును బట్టి గడువు పెట్టినవాళ్లకూ చిగుళ్ల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముప్పు తక్కువ ఉన్నవాళ్లలో రెండేళ్లకోసారి వచ్చినా అంతే. పళ్ల గార తీయించుకోవడం మీద ఐక్వాడ్ అనే మరో ట్రయల్ 63 క్లినిక్‌లలో 1,877 మందిని మూడేళ్లు గమనించింది. తీవ్రమైన చిగుళ్ల జబ్బు లేకుండా క్రమం తప్పక చూపించుకునే ఈ పెద్దవాళ్లలో ఆరునెలలకో, ఏడాదికో క్లీనింగ్ చేయించుకున్నా, అసలు చేయించుకోకపోయినా చిగుళ్ల రక్తస్రావంలో తేడా రాలేదు.

ఈ ఫలితాలు చూసి డెంటిస్టు దగ్గరికి వెళ్లడం మానేయమని నేను అనడం లేదు. మన దగ్గర పన్ను పీకించుకోవాల్సిన రోజు వచ్చేదాకా క్లినిక్ మెట్లెక్కని వాళ్లే ఎక్కువ. నొప్పి లేకుండా ఏటా చూపించుకునే బ్రిటన్ రోగి మీద వచ్చిన జవాబు వాళ్లకు వర్తించదు. నేను చెప్పదలచుకున్నది వేరు. కోట్లమంది జేబులోంచి డబ్బు తీయించే ఇంత మామూలు సలహాను పరీక్షించడానికి ఇన్ని దశాబ్దాలు పట్టిందంటే, ఆ ప్రశ్నను ముందుకు తోసేవాళ్లు అన్నాళ్లూ బలహీనంగా ఉన్నారన్నమాట. కొత్త ఇంప్లాంట్ మీద పరిశోధనకు దాన్ని అమ్మే కంపెనీ ఉంటుంది. క్లీనింగ్ ఎన్ని నెలలకోసారి అన్న ప్రశ్నకు అలాంటి పోషకుడు ఉండడు.

పాలపళ్ల మీద బ్రిటన్‌లోనే జరిగిన ఫిక్షన్ ట్రయల్ ఇంకా ఆలోచింపజేస్తుంది. 3 నుంచి 7 ఏళ్ల వయసున్న 1,144 మంది పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు పిప్పిని తొలిచి ఫిల్లింగ్ పెట్టారు, రెండోదానికి పిప్పిని లోపలే మూసేశారు, మూడోదానికి బ్రషింగ్, ఫ్లోరైడ్, తిండి జాగ్రత్తలతో సరిపెట్టారు. దాదాపు మూడేళ్లలో పంటినొప్పో చీమో వచ్చినవాళ్లు వరసగా 42, 40, 45 శాతం. ఏ పద్ధతి గొప్పదని అడిగితే, పిప్పి పట్టాక ఏదీ అంత గొప్పది కాదని జవాబు వచ్చింది. పిప్పి పట్టకముందు ఆ ఇంట్లో, ఆ బడి పక్కన కొట్లో ఏం జరుగుతోందన్నది తర్వాతి ప్రశ్న. 1971లో జాబితాకెక్కని ప్రశ్న కూడా ఇదే.

ఎవరు అడగాలి అన్నదానికి ఒక పద్ధతి ఉంది. 2004లో బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ అనే సంస్థ మొదలైంది. లిండ్ 1747లో ఓడలో స్కర్వీతో చిగుళ్లు కుళ్లి రక్తం కారుతున్న 12 మంది నావికులను ఇద్దరిద్దరిగా విడదీసి ఆరు రకాల చికిత్సలు పోల్చి చూసిన వైద్యుడు. నారింజ, నిమ్మ పళ్లు తిన్న ఇద్దరూ కోలుకున్నారు. ఆయన పేరుతో నడిచే ఈ సంస్థ రోగులను, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లను, వైద్య సిబ్బందిని సమానంగా కూర్చోబెడుతుంది. ముందు అందరి నుంచీ ప్రశ్నలు సేకరిస్తారు, ఇప్పటికే జవాబున్నవాటిని తీసేస్తారు, మిగిలినవాటికి ఓట్లు వేయించి చివరి సమావేశంలో పది ప్రశ్నలు తేలుస్తారు. మందులు, పరికరాలు అమ్మే కంపెనీలకు ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండదు. నోటి ఆరోగ్యం మీద కూడా ఈ కసరత్తు జరిగింది.

రోగులను పిలవడం మర్యాద కోసం కాదు, వాళ్లు అడిగేది నిజంగానే వేరుగా ఉంటుంది. మోకాళ్ల అరుగుదల మీద 2000లో వచ్చిన ఒక అధ్యయనం చూపించిందేమంటే, ట్రయల్స్‌లో 80 శాతానికి పైగా మందుల మీదే జరుగుతుండగా, మందుల మీద ఇంకా పరిశోధన కావాలన్న రోగులు 9 శాతమే. దంతవైద్యంలో ఇలాంటి సర్వే మన తెలుగు జిల్లాల్లో చేస్తే ఏ అంకెలు వస్తాయో చూడాలని నాకు చాలా కోరిక.

ఒక ఊరి జవాబు మరో ఊరికి ఎందుకు సరిపోదో ఫ్లోరైడే చెబుతుంది. 1945 జనవరి 25న మిచిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో నగరం మొత్తానికి సరఫరా చేసే నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పిప్పిపళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి. నీటిలో ఎంత కలపాలి అన్నది వాళ్ల ప్రశ్న. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1937లో, షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో బావినీటి ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టి ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసి రాసింది. తర్వాత ఇదే బాధతో నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు తయారుచేసి దానికి నల్గొండ పేరే పెట్టారు. నీటిలోంచి ఎంత తీయాలి అన్నది మన ప్రశ్న. ఇప్పుడు దానికి ఇంకొకటి తోడైంది. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో పెరిగే మూడేళ్ల పాపకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడవచ్చా, వాడితే ఎంత? తల్లులు అడిగే ప్రశ్న ఇది. మిచిగన్ వాళ్లకు ఇది తట్టదు.

మన నేల మీద పుట్టిన ప్రశ్న లోకానికి జవాబిచ్చిన సందర్భమూ ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను మండే కొస నోట్లో పెట్టి కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లది. అంగిలి మీద క్యాన్సర్ పుండ్లతో వచ్చే రోగులను చూసి విశాఖపట్నం వైద్యులు 1950లలోనే ఈ పొగను అనుమానించారు. తర్వాత బొంబాయి టాటా సంస్థ పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ తాగేవాళ్లు దాదాపు 44 శాతం. అంగిలి మీది మచ్చలకూ ఆ పొగకూ సంబంధాన్ని 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో చూపించారు. అమెరికాలో పంచదార జాబితా తయారైన ఏడాదే అది. ఆ తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందారుల దగ్గరికి వెళ్లి మానమని నచ్చజెబితే నోటిలో తెల్లమచ్చలు తగ్గుతాయని 1986లో లాన్సెట్‌లో రాశారు. ఈ ప్రశ్న వార్డులోంచి, రోగి నోట్లోంచి వచ్చింది.

అంత శ్రద్ధగా లెక్కపెట్టిన మనం ఆ తర్వాత వెనకబడ్డాం. నోటి ఆరోగ్యం మీద తరచూ ఎత్తి చూపే జాతీయ సర్వే 2002-03 నాటిది. 12 ఏళ్ల పిల్లల్లో 53.8 శాతానికి, 35-44 ఏళ్లవాళ్లలో 80.2 శాతానికి పిప్పి ఉందని అది తేల్చింది. ఆనాటి 12 ఏళ్ల పిల్లలకు ఇప్పుడు ముప్పై దాటి పిల్లలు పుట్టారు. వాళ్ల పళ్ల సంగతి తెలియకుండా ప్రాధాన్యాలు రాస్తే అది ఊహే అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి ప్రజారోగ్యం చుట్టూ అల్లిన జాతీయ నోటి పరిశోధన ప్రణాళిక 20 శాతం దేశాలకైనా ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఇన్ని దంత కళాశాలలున్న మన దేశం ఆ 20 శాతంలో మొదటి వరసలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ ప్రణాళికలో నేనైతే మొట్టమొదట రాసే ప్రశ్న కేరళ నుంచి మొదలవుతుంది. 1996లో తిరువనంతపురం జిల్లాలో 13 పంచాయతీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపులో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు 35 ఏళ్లు దాటినవాళ్ల నోళ్లు కళ్లతో చూసి పరీక్షించారు. రెండు గుంపుల్లో కలిపి 1.9 లక్షల మంది ఉన్నారు. పొగాకో మద్యమో వాడేవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ప్రచురించారు. యంత్రాలు లేవు, ఖరీదైన మందులు లేవు. టార్చిలైటు, చూసే కన్ను, అంతే. ఆ తర్వాత ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవాళ్లకు నోటి పరీక్షను జాతీయ కార్యక్రమంలో చేర్చింది కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్లవాళ్లను జీవితంలో ఒక్కసారైనా నోటి క్యాన్సర్ పరీక్ష జరిగిందా అని అడిగారు. అవునన్నవాళ్లు స్త్రీలలో 0.9 శాతం, పురుషుల్లో 1.2 శాతం. పరీక్ష పనిచేస్తుందని తెలిసి పదిహేనేళ్లు గడిచాక వచ్చిన అంకె ఇది. ఆశా కార్యకర్త గడప దాకా వచ్చి కూడా నోరు ఎందుకు చూడలేకపోతోంది, చూసి మచ్చ ఉందని చెప్పినా ఆ మనిషి జిల్లా ఆసుపత్రిలో బయాప్సీ బల్ల దాకా ఎందుకు చేరడం లేదు, మధ్యలో ఆపుతున్నది భయమా, బస్సు ఛార్జీనా, ఆ రోజు పోయే కూలీనా? ఈ ప్రశ్నకు ప్రయోగశాల అక్కర్లేదు. శ్రీకాకుళంలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు చూసినవాళ్లలాంటి మనుషులు, వాళ్లకు రెండు మూడేళ్లకు సరిపడా డబ్బు కావాలి.