జువార్ భూగృహంలో అజిల్బేర్ సమాధి

ప్యారిస్‌కు తూర్పున జువార్ మఠపు భూగృహంలో 7వ శతాబ్దపు రాతి శవపేటికలు ఉన్నాయి. తొలి మఠాధ్యక్షురాలు తెవోదెషిల్ద్ సమాధిపై ఆల్చిప్పల వరుసలు, వాటి నడుమ లాటిన్ శాసనం కనిపిస్తాయి. సంప్రదాయం ఆమె సోదరుడిగా చెప్పే అజిల్బేర్ సమాధిపై మాత్రం మనుషులే ప్రధానం. ఇంగ్లండులో బిషప్పుగా ఉన్న ఇతని పరభాషకు విసిగి, సాక్సన్ మాత్రమే తెలిసిన రాజు కెన్‌వాల్ మరొక బిషప్పును తెచ్చుకున్నాడని బీడ్ రాశాడు. 664 నాటి విట్బీ సభలోనూ ఇతడు తన తరఫున విల్‌ఫ్రిడ్ చేత మాట్లాడించాడు.

సమాధి తలవైపు పలకపై సువార్తికుల చిహ్నాల నడుమ క్రీస్తు ఆసీనుడై ఉంటాడు. పొడవాటి పక్కపై ఆయనకు ఇరువైపులా చేతులెత్తిన జనం. దీనిని తుది తీర్పు దృశ్యమని పలువురు పండితులు భావించారు. అయితే చేతులెత్తడం తొలి క్రైస్తవుల ప్రార్థనా భంగిమ కూడా. కనుక వారి ముఖాల్లో భయాన్ని మాత్రమే చదవడం తొందరపాటని నా అభిప్రాయం.